మధ్యలో మాట

మరో హాలు కూడా కార్యక్రమం రద్దు చేసిందన్న కబురు వచ్చేసరికి సూదక్క నీలం గౌను అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది. కబురు తెచ్చింది లైట్ల మనిషి. గుమ్మంలోనే నిలబడి, "అదీ పోయిందక్కా" అని ఒక్క ముక్క అని, తలుపుకి భుజం ఆనించాడు. ఏది పోయిందని అడగాల్సిన పని లేదు. పోయినవన్నీ పోగా మిగిలింది అదొక్కటే.

పెదాల మధ్య సూదులుండడంతో ఆమె వెంటనే మాట్లాడలేదు. చేతిలో ఉన్న మడత పూర్తి చేసింది. నోట్లోవి ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసి, అప్పుడు "కూర్చో, టీ తాగుదువుగాని" అంది.

"టీ తాగి ఏం చెయ్యను? రేపట్నుంచి మా బామ్మర్ది కొట్లో ఫ్యాన్లు బిగించడానికి పోతున్నా. స్టేజీ మీద చంద్రుణ్ణి చూపించేవాణ్ణి. ఇకమీదట ఫ్యాను తిరుగుతోందా లేదా అని చూసుకోవాలి."

"ఫ్యాను తిరిగితే గాలైనా వస్తుంది. నీ చంద్రుడివల్ల ఎవరికేం ఒరిగింది?"

ఇద్దరూ నవ్వారు. అతను టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

పాటల బృందంలో అందరికీ ఆమె సూదక్కే. వాద్యాల లారీ తోలే మొగుడు కూడా నలుగురిలో అలాగే పిలుస్తాడు, ఇంటికెళ్ళాక చివాట్లు తప్పవని తెలిసీ. మేడం ఏ వేదిక మీద పాడినా ఒంటి మీద ఉండేది సూదక్క కుట్టిన గౌనే. నడుం వెనక మైకు డబ్బా పట్టడానికి ఒక దొంగజేబు ఉంటుంది. అది పైకి కనబడకూడదు, మేడం గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు ఒత్తుకోకూడదు. ఆ జేబు కుదిరితే పాట కుదిరినట్టేనని సూదక్క నమ్మకం. పాడే మనిషి ఒప్పుకుంటుందో లేదో ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు పాటకే కరువొచ్చి పడింది. ప్రభుత్వాసుపత్రుల్లో నర్సులు సమ్మె చేస్తే, పైవాళ్ళు వాళ్ళను మూకుమ్మడిగా ఉద్యోగాల్లోంచి పీకేశారు. ఆ వారంలోనే మేడం అధికార పార్టీ సభలో పాడింది. పాడి ఊరుకున్నా సరిపోయేది. మైకు చేతిలో ఉంది కదా అని, రోగుల్ని వదిలేసి రోడ్డెక్కినవాళ్ళ మీద జాలి పడక్కర్లేదని కూడా అంది. మర్నాటికల్లా నర్సులు పిలుపిచ్చారు. ఆమె పాట వినొద్దు, ఆమె టిక్కెట్టు కొనొద్దు అని. జనం విన్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక నర్సు చేతిమీదుగా మందు మింగనివాళ్ళు ఎంతమంది ఉంటారు గనక? హాళ్ళ ముందు తెల్లకోట్లతో వాళ్ళు కూర్చుంటే, దాటుకుని లోపలికి వెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు.

అలా కూర్చున్నవాళ్ళలో సూదక్క చెల్లెలు కూడా ఉంది.

*

ఉద్యోగంతోపాటు హాస్టల్లో గది కూడా ఊడిపోవడంతో చెల్లెలు అక్క ఇంటికే వచ్చి ఉంటోంది. టైర్ల కొట్టు మీద రెండు గదులు. కింద టైరు కొట్టినప్పుడల్లా పైన గిన్నెలు అదురుతాయి. ఆ సాయంత్రం సూదక్క రొట్టెలు కాలుస్తుండగా మొగుడు వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి ఉంది.

"కడగడం అయిందా?"

"అయింది. ఇంకో వారం ఇలాగే కడిగానంటే లారీకి రంగు లేచిపోయి ఇనుం కనబడుతుంది. అప్పుడు రంగు వేస్తా. పని దొరికినట్టే కదా."

అంతలో చెల్లెలు వచ్చింది. రోజంతా రోడ్డు మీద కూర్చోవడంతో కోటు వెనకభాగం మట్టికొట్టుకుపోయి ఉంది. కాళ్ళు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చుని, ఒక రొట్టెముక్క తీసుకుని, మిగతాది బావ వైపు జరిపింది.

"అక్కడ పెట్టార్లే అక్కా. ఆకలి లేదు."

అక్కడ ఎవరూ ఏమీ పెట్టలేదని సూదక్కకి తెలుసు. ఆ పిల్ల చిన్నప్పట్నుంచీ అబద్ధం చెప్పేటప్పుడు ఉప్పుగిన్నె వైపు చూస్తుంది.

"ఇవాళ ఉన్న ఒక్క హాలూ మూయించారటగా. శుభం" అన్నాడు బావ.

"మేం మూయించలేదు బావా. కూర్చున్నాం, అంతే."

"మీరు కూర్చుంటే మేం పడుకున్నాం. అదీ సంగతి."

మామూలుగా అయితే బావ మాటకి మాట అంటించకుండా వదిలే రకం కాదు ఆ పిల్ల. ఇవాళ తల దించుకుని రొట్టె నమిలింది. సూదక్క మొగుడి వైపు ఒక చూపు చూసింది. అతను కూడా తన ప్లేటులోకి తల దించేసుకున్నాడు.

అప్పుడు సూదక్కే విషయం ఎత్తింది. "మేనేజరు ఫోన్ చేశాడు. రేపు వీడియో తీస్తారట. మా పనివాళ్ళ కష్టాలు చెప్పాలట. నన్ను కూర్చోబెడతానన్నాడు."

"ఏం చెప్పాలట?" అంది చెల్లెలు.

"పని లేదు, ఇల్లు గడవడం కష్టంగా ఉందని. ఉన్నదే చెప్పమన్నాడు, నా మాటల్లోనే. టీవీ కార్యక్రమం ఒకటి ఖాయమయ్యేలా ఉందట. దానికి అందర్నీ తీసుకోరట. మనతో నిలబడ్డవాళ్ళకే ముందు అన్నాడు."

"అంటే నిలబడనివాళ్ళు ఇంటికి" అన్నాడు మొగుడు. "చెప్పేస్తే పోలా? అబద్ధం ఆడమనడం లేదుగా."

కింద ఎవరో టైరుని సుత్తితో బాదుతున్నారు.

"బావ చెప్పింది నిజమే. చెప్పక్కా" అంది చెల్లెలు. "మా పిలుపువల్లే నీ పని పోయింది. నాకు తెలీదనుకున్నావా? రోజూ నీ రొట్టె తింటూ నీ పనికి అడ్డం పోయి కూర్చుంటున్నాను." నీళ్ళు తాగి మళ్ళీ అంది. "కానీ మా మాట కూడా ఒక్కటి చెప్పు. మేం ఎందుకు కూర్చున్నామో ఒక్క మాట. అంతకంటే ఏం వద్దు."

"చెప్తాను."

"కంగారులో మర్చిపోవుగా?"

"నిన్ను మర్చిపోతానా పిచ్చిదానా?" అని సూదక్క తన ప్లేటులో రొట్టె తీసి చెల్లెలి ప్లేటులో పడేసింది. ఈసారి ఆ పిల్ల కాదనలేదు.

*

మర్నాడు వీడియోకి ముందు గౌను కొలత సరిచూడాలన్నారు. మేడం వచ్చి ఎత్తుబల్ల మీద నిలబడింది. నడుం దగ్గర గౌను వదులైపోయింది. మనిషి చిక్కిపోయిందని సూదక్క వేళ్ళకి వెంటనే తెలిసింది. మోకాళ్ళ మీద కూర్చుని, సూదులు పెదాల మధ్య పెట్టుకుని, పక్క కుట్టు లోపలికి లాగి గుచ్చడం మొదలుపెట్టింది.

"చూశావా, ఎలా అయిపోయానో" అంది మేడం అద్దంలోకి చూస్తూ. "బయటికి వెళ్తే నన్ను చూసి తల తిప్పుకుంటున్నారు. కూరగాయల కొట్టావిడ కూడా. ఒక్క మాట. ఒక్కటంటే ఒక్క మాట అన్నాను. అది కూడా పార్టీవాళ్ళు చెప్పమంటేనే అన్నాను."

"ఊఁ" అంది సూదక్క. సూదులతో అంతకంటే ఏం అనగలదు?

"నువ్వేం అనవు. అందుకే నీ దగ్గర నాకు హాయిగా ఉంటుంది."

సూదక్కకి ఆవిణ్ణి చూస్తే జాలేసింది. నిజంగానే వేసింది. వెలుగుల్లో నిలబడి వేలమందిని ఊపేసే మనిషి, బల్ల మీద నిలబడి చిన్నపిల్లలా ముక్కు తుడుచుకుంటోంది. ఎవరు ఏం చెప్పమంటే అది చెప్పే అలవాటున్న మనిషి. చెడ్డది మాత్రం కాదు. ఇప్పుడే చెప్పెయ్యాలనిపించింది. సూదులు అరచేతిలోకి తీసుకుని, "మేడం, మా చెల్లి..." అనబోయింది. అంతలో మేనేజరు తలుపు తోసుకుని వచ్చి, వెలుతురు తగ్గిపోతోంది, త్వరగా రమ్మన్నాడు.

కుట్టుగదిలోనే కెమెరా పెట్టారు. వెనక కొక్కేలకి వేలాడుతున్న తళుకుల గౌన్లన్నీ తీసేయించారు. ఖాళీ కొక్కేలు ఉంటే బాగుంటుందన్నాడు కెమెరా మనిషి. మిషను ఆపేయమన్నాడు. ఆమె ముఖం వైపు చూసి, "కాస్త దిగులుగా పెట్టండమ్మా" అన్నాడు.

"ముఖం నాదే, దిగులు నాదే. ఇంకెలా పెట్టను?"

అందరూ నవ్వారు. మేనేజరు నవ్వుతూనే కుర్చీ దగ్గరికి లాక్కుని, "నువ్వేం కంగారుపడకక్కా. తోచింది చెప్పు. ఎక్కువైతే మేం తర్వాత తగ్గించుకుంటాంలే" అన్నాడు.

ఆ మాటతో సూదక్కకి ధైర్యం వచ్చింది. తగ్గించడం అంటే ఆమెకి తెలియనిదా? పొడుగైతే అంచులో తీస్తారు, వెడల్పయితే పక్క కుట్టులో లాగుతారు. బుద్ధున్నవాళ్ళెవరూ బట్టని నడిమధ్యన కొయ్యరు. అందుకని రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాటల్లో, చెల్లెలి మాటని అప్పటికప్పుడు సరిగ్గా మధ్యలోకి జరుపుకుంది. తగ్గించుకోవడానికి వీలుగా మొదట్లోనూ చివర్లోనూ కాస్త ఎక్కువ వదిలింది. అంతకంటే పకడ్బందీగా ఎవరు మాత్రం చేయగలరు?

చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. "నేను మేడం దగ్గర బట్టలు కుడతాను. కొన్నాళ్ళుగా పని లేదండీ. మా ఆయన లారీ షెడ్డులోంచి కదల్లేదు. ఇంట్లో పొయ్యి ఒకపూట వెలిగితే ఒకపూట వెలగడం లేదు."

ఏదైనా పట్టుకుంటే బాగుండుననిపించి మిషను చక్రం మీద చెయ్యి వేసింది.

"మా చెల్లి నర్సు. దాన్నీ, దాని తోటివాళ్ళందర్నీ ఒక్క పూటలో తీసిపారేశారు. మన అమ్మానాన్నల మంచాల పక్కన మేలుకున్న పిల్లలండీ వాళ్ళు. వాళ్ళ మీద జాలి పడక్కర్లేదని మేడం అనకుండా ఉండాల్సింది. ఆ బాధలోనే వాళ్ళు పాట వినొద్దన్నారు. వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళకి ఇచ్చెయ్యాలి." చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి, కాస్త ఊపిరి తీసుకుని ముగించింది. "ఎవరూ ఎవరి పొట్టా కొట్టకూడదండీ. కష్టం చేసుకుని బతికేవాళ్ళం. మేడం పాట మళ్ళీ వినబడాలి."

మేనేజరు బూట్ల వైపు చూసుకుంటున్నాడు. కాసేపటికి తలెత్తి, "బ్రహ్మాండం" అన్నాడు. ఆ "బ్రహ్మాండం" కొంచెం నీరసంగా వచ్చిందని తర్వాత గుర్తొచ్చింది గానీ, ఆ పూట మాత్రం సూదక్క గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళింది. చెల్లెలికి చెప్పింది కూడా. "చూడు, రేపు నీ మాట లోకమంతా వింటుంది."

*

మొగుడు ఫోన్ తెచ్చి చూపించేసరికి సూదక్క బియ్యం ఏరుతోంది. తన ముఖం తనకే కొత్తగా అనిపించింది. పని లేదన్న మాట వచ్చింది. లారీ మాట వచ్చింది. పొయ్యి మాట వచ్చింది. వెంటనే "ఎవరూ ఎవరి పొట్టా కొట్టకూడదండీ" అని వచ్చింది. ఒళ్ళో ఉన్న చెయ్యి ఒక్కసారిగా మిషను చక్రం మీదికి ఎగిరి కూర్చుంది. వెనక విషాదంగా ఏదో వాయించారు.

"మధ్యలోది ఏది?" అంది.

మళ్ళీ వేసి చూసింది. మధ్య లేదు. తను అందర్నీ కలిపి అన్న పొట్ట మాట, ఇప్పుడు అచ్చంగా నర్సుల ముఖాన కొట్టినట్టుంది. అతుకు ఎక్కడ వేశారో ఆమె కంటికి తెలిసిపోతోంది. అంత నాసిరకం అతుకు వేసినవాణ్ణి ఆమె అయితే పనిలో పెట్టుకోదు. కానీ చూసేవాళ్ళకి అతుకుతో ఏం పని?

చేతికి అంటిన ఊక దులుపుకోకుండానే మేనేజరుకి ఫోన్ చేసింది.

"పొడుగైపోయిందక్కా" అన్నాడు అతను.

"పొడుగైతే కొసల్లో తగ్గిస్తారు. నడుంలో కోస్తారా ఎక్కడైనా?"

"ఇబ్బంది నడుంలోనే ఉంది కదక్కా" అన్నాడు మెల్లిగా. "నా చేతిలో ఏముంది చెప్పు? నలభై మంది నా మొహం చూస్తున్నారు. ఎలాగోలా కార్యక్రమాలు మొదలవ్వాలి. నువ్వొక్కదానివే బతకాలా, అందరూ బతకొద్దా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. అతను చెప్పిందీ అబద్ధం కాదు. అదే ఆమెకి మరీ ఒళ్ళు మండించింది.

సాయంత్రం చెల్లెలు వచ్చి కోటు కొక్కేనికి తగిలించింది.

"చూశాను."

"నేను చెప్పానే! మధ్యలో చెప్పాను. వాళ్ళే కోసేశారు."

"సరేలే అక్కా."

"సరేలే ఏంటి? నమ్మడం లేదా?"

"చెప్పే ఉంటావులే."

ఆ "ఉంటావులే" అన్న ముక్క సూదక్క గుండెలో దిగబడిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ పిల్ల ఉప్పుగిన్నె వైపు చూడలేదు, అక్క వైపూ చూడలేదు. పొద్దున్నే టీ అయినా తాగకుండా వెళ్ళిపోయింది. వెళ్తూ సంచి కూడా పట్టుకెళ్ళింది.

*

మధ్యాహ్నం మెట్ల మీద చాలామంది అడుగుల చప్పుడు వినిపించింది. మొగుడు కిటికీలోంచి తొంగి చూసి, "తెల్లకోట్లు. గుంపుగా వస్తున్నారు" అన్నాడు. గొంతులో కంగారు తెలుస్తోంది. "నువ్వు లోపలికి పో. నేను మాట్లాడతా."

సూదక్క వంటగదిలోకి వెళ్ళి నిలబడింది. వాళ్ళు ఏమన్నా పడాల్సిందే అనుకుంది. మొగుడు తలుపు సగమే తీసి, లారీ అడ్డం పెట్టినట్టు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మీ ఆవిడ ఉందా?" అంది ముందున్న ఆవిడ. సమ్మె చేసినవాళ్ళలో అందరికంటే పెద్దది. తల సగం నెరిసింది. అందరూ పెద్ద నర్సు అంటారు.

"ఏం పనండీ?"

"ఏం లేదు, ఈ సంచి అందుకో నాయనా. భుజం లాగేస్తోంది."

అతనికి అర్థం కాకపోయినా చేతులు వాటంతటవే సంచి అందుకున్నాయి. ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చి బల్ల మీద పెట్టారు. పిండి, బియ్యం, గుడ్లు, పప్పులు, సబ్బులు. అందరి వెనకా చెల్లెలు నూనెడబ్బా మోసుకుంటూ వచ్చి, ఎవరి వైపూ చూడకుండా గోడవార పెట్టింది.

సూదక్క వంటగది గుమ్మంలోకి వచ్చింది. "ఏంటివన్నీ?"

"పొయ్యి ఒకపూటే వెలుగుతోందన్నావుగా. వీడియోలో చూశాం" అంది పెద్ద నర్సు. "మా దగ్గర ఉన్నదే అంతంతమాత్రం. అందరం తలా ఇంత తెచ్చాం. చూడమ్మా, మా మీద నీకు కోపం ఉంటే ఉండనీ. మేం హాళ్ళ ముందు కూర్చోవడం మానం. ఆ పాట వినొద్దనే చెప్తాం. కానీ మావల్ల ఒక ఇల్లు పస్తుంటోందని తెలిశాక మాకు ముద్ద దిగుతుందా?"

పొట్ట కొట్టారని లోకమంతా వినేట్టు ఆమె నోట ఎవరిని అనిపించారో వాళ్ళే వచ్చి ఆమె ఇంట్లో గుడ్లు పగలకుండా గిన్నెలోకి సర్దుతున్నారు. దుఃఖం పొంగుకొచ్చింది. ఆపుకోలేదు. "నేను అలా అనలేదమ్మా. మీ గురించి కూడా చెప్పాను. తీసేశారు" అంటూ ఏడ్చేసింది.

"అయ్యో, దానికేముందిలే" అని పెద్ద నర్సు ఆమె వీపు నిమిరింది, రోగి వీపు నిమిరినట్టు. చెల్లెలు మాత్రం గోడ దగ్గరే నిలబడి వింటోంది.

అప్పుడు ఫోన్ మోగింది. మేనేజరు. అతని గొంతు ఫోన్‌లోంచి గదిలో అందరికీ వినబడుతుంది, ఎప్పుడూ అంతే.

"అక్కా! కోపం పోయిందా? నీ వీడియోతో గాలి తిరిగింది. మేడం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎల్లుండి సభ ఖాయం. పార్టీవాళ్ళదే. నీలం గౌను. రేపు పొద్దున్నే వచ్చెయ్. స్టేజీ మీద నువ్వు కూడా ఆ రెండు ముక్కలే చెబుదువుగాని. మీ ఆయన్ని లారీ తియ్యమను."

లారీ అన్న మాట వినగానే మొగుడి ముఖం వెలిగింది. అది సూదక్క చూసింది. గుడ్లు సర్దుతున్న పిల్ల చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"రేపు కుదరదు" అంది సూదక్క.

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. పనుంది."

"పనేంటక్కా? ఆ టీవీ కార్యక్రమం సంగతి ఆలోచించుకున్నావా? మళ్ళీ పిలవమంటే నావల్ల కాదు."

"తెలుసు. గౌను అంచు సగంలో ఉంది, ఎవరిచేతైనా వేయించండి. వెనక జేబు మాత్రం కదపొద్దని చెప్పండి, మేడంకి ఊపిరాడదు."

ఫోన్ పెట్టేశాక భయం వేసింది. ఆ ఒక్క మాటతో తన పనీ మొగుడి పనీ కలిపి పారేసుకున్నట్టే. అతని వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

"ఏం పనుందే నీకు?" అన్నాడు అతను, నమ్మలేనట్టు.

"కళ్ళు కనబడ్డం లేదా? ఆ కోట్లు చూడు." నిజంగానే రోడ్ల మీద కూర్చుని కూర్చుని అందరి కోట్లకీ అంచులు ఊడి వేలాడుతున్నాయి. పెద్ద నర్సు కోటుకి వీపు మీద కుట్టు జానెడు తెగింది. "రేపు అలాగే పోయి కూర్చుంటారా? విప్పమ్మా, ఇలా ఇవ్వు."

అతను చాలాసేపు ఆమె వైపే చూశాడు. తర్వాత పెద్దగా నిట్టూర్చి, లేచి వెళ్ళి కుట్టుమిషను రెండు చేతులా ఎత్తి, వెలుతురు పడేలా కిటికీ దగ్గర పెట్టాడు. నేలకి సరిగ్గా ఆనిందో లేదో అటూ ఇటూ ఊపి చూశాడు.

సూదక్క కూర్చుని దారం ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. చెల్లెలు గోడ దగ్గర్నుంచి వచ్చి ఆ దారం ఆమె చేతిలోంచి తీసుకుని సూదిలోకి ఎక్కించింది. ఎక్కించి అక్కడే, అక్క కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడింది.

"అక్కా, మధ్యలో ఏం చెప్పావో చెప్పు. వీళ్ళందరూ కూడా వింటారు."

సూదక్క కోటు మిషను మీద పరిచి, చక్రం మీద చెయ్యి వేసి, మొదటి మాట నుంచి మొదలుపెట్టింది. ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది.